కిటికీ సీట్లో సంచి

ఆ రోజు ఉదయం చెంచమ్మ పెట్టుకున్నది చాలా చిన్న పని. బస్సెక్కి ఆత్మకూరు పోవాలి, నిరోష చేతిలో పాలగిన్నె పెట్టాలి, గృహప్రవేశం భోజనం చేసి మధ్యాహ్నానికి ఉదయగిరి తిరిగి రావాలి, సగం కుట్టి వదిలేసిన జాకెట్టుకు చేతులు అతికించాలి. ఇందులో ఎవరికీ చెప్పవలసింది ఏమీ లేదు. చెప్పకూడనిది మాత్రం ఒకటుంది. ఉదయగిరిలో చెప్పకూడనిది ఒకటి పెట్టుకుని వీధి దాటడం ఎంత కష్టమో ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే తెలుసు.

నిరోష ఒకప్పుడు చెంచమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకున్న పిల్ల. పెళ్లయి ఆత్మకూరు పోయి, అక్కడ సొంతంగా కుట్టు అంగడి పెట్టుకుని, మొన్న మొన్నటిదాకా అద్దె ఇంట్లో ఉండి, ఇప్పుడు సొంత ఇల్లు కట్టుకుంది. వారం ముందే ఫోన్ చేసింది.

"అక్కా, నాకు బతుకుతెరువు నేర్పింది నువ్వు. కొత్తింట్లో నువ్వు తెచ్చిన గిన్నెలోనే పాలు పొంగాల. మా అత్తకి తెలిస్తే మాత్రం మొగుడు లేని మనిషి తెచ్చిన గిన్నె అని రచ్చ చేస్తాది. నేనే కొన్నానని చెప్తా. నువ్వు మాత్రం ఎవరి కాడా నోరు జారబాక."

"నాకెందుకే ఈ దొంగతనం?" అంది చెంచమ్మ. పైకి అలా అందిగాని, ఫోన్ పెట్టేశాక చాలాసేపు మిషను ముందు కూర్చుని ఒక్క కుట్టు కూడా వేయలేదు. భర్త పోయాక ఆమెను శుభకార్యాలకు పిలిచినవాళ్లున్నారు, కడుపునిండా పెట్టి పంపినవాళ్లున్నారు. పొయ్యి దగ్గరికి రమ్మన్నవాళ్లు లేరు. అందుకే మాటిచ్చింది. నిరోష అత్తగారి పుట్టిల్లు ఉదయగిరే కాబట్టి, ఆ మాట ఉదయగిరిలో మరీ గట్టిగా నిలబెట్టుకోవాలి.

చెంచమ్మ ఆ ఊరికి భర్త వెంట వచ్చింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఆయన పోయాక నెల్లూరులోని చుట్టాలు వచ్చేయమన్నారు. ఆమె పోలేదు. ఎందుకు పోలేదని ఎవరైనా అడిగితే, "కుట్టుమిషను మెట్లు దించడం కష్టం" అనేది. ఆమె ఉండేది సుభాన్ ఇంటి మీద పోర్షన్లో. కింద సుభాన్, అతని భార్య మునీరా చెక్కతో గరిటెలు, స్పూన్లు చెక్కుతారు. పైన చెంచమ్మ మిషను, కింద సుభాన్ ఉలి. రెండూ ఒకేసారి ఆగితే వీధికి అన్నం వేళయిందని గుర్తు. మిషను పక్కనే కిటికీ. తెల్లవారి ఆ కిటికీ తెరిస్తే కొండ మీద పాత కోటగోడ, దాని మీద బద్ధకంగా కూర్చున్న మబ్బు. సీతాఫలాల కాలంలో కొండ మీద నుంచి గంపలు దిగుతుంటే, మెట్ల మీదకే వాసన వచ్చేది. ఆ కిటికీని చూసిన ఏ మనిషికైనా మిషను దించడం ఎందుకు కష్టమో అర్థమవుతుంది.

అయితే చెంచమ్మ ఒక్కనాడూ ఆ ఊరు బాగుందని అనలేదు. పొద్దున కాఫీ తాగాక ఊరిని నాలుగు మాటలు అంటేగాని ఆమెకు మిషను తొక్కడానికి కాలు లేవదు. ఊరికి కూడా అది అలవాటైంది. చెంచమ్మ తిట్టకపోతే ఒంట్లో బాగాలేదేమో అని మునీరా పైకొచ్చి చూసి పోయేది.

ఆ రోజు చెంచమ్మ బస్టాండుకు వచ్చి, అందరూ చేసే పనే చేసింది. కిటికీలోంచి సంచి లోపలికి వేసి సీటు పట్టుకుంది. ఆ సంచి ఊరంతటికీ తెలుసు. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలన్నీ కలిపి కుట్టిన సంచి అది. ఏ ఆడమనిషి పక్కన కూర్చున్నా, "ఇది నా పెళ్లి జాకెట్టు ముక్క గదా", "ఇది మా కోడలి సీమంతానిది గదా" అని వేలుపెట్టి చూపించేది. సంచి సీట్లో కూర్చున్నాక చెంచమ్మ దర్జాగా పెంచలప్రసాద్ టీ అంగడికి నడిచింది.

పెంచలప్రసాద్ గ్లాసు కడుగుతూ ఆమెను కిందికీ మీదికీ చూశాడు. "ఏందక్కా, పొద్దున్నే పట్టుచీర? యాడికో ప్రయాణం."

"యాడికీ లేదు."

"యాడికీ లేకపోతే బస్సులో సంచి ఎందుకేసినావు?"

చెంచమ్మకు ఒళ్లు మండింది. "సంచి వేస్తే చెప్పాలా, చీర కడితే చెప్పాలా? నిన్న వంకాయలు కొన్నా. మెట్లెక్కే లోపల మునీరా 'గుత్తొంకాయా అక్కా?' అంటది. ఎదురింటామె 'నీకు వంకాయ పడదు గదా, దురదలు' అంటది. కూర పొయ్యి మీద పెట్టకముందే ఊరంతా రుచి చూసేసినాది. ఇదొక ఊరంట్రా? చూస్తా ఉండు, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా సంచి తీసుకుని పోతా. అప్పుడు తెలుస్తాది మీకు."

"పోయేముందు మా ఆడదాని జాకెట్టు ఇచ్చిపో అక్కా" అన్నాడు పెంచలప్రసాద్. అంగడి ముందున్న నలుగురూ నవ్వారు. చెంచమ్మ కూడా నవ్వబోయి, ఊరికి అంత చనువు ఇవ్వకూడదని ఆపుకుంది.

అదే సమయానికి కండక్టర్ ప్రేమానందం బస్సెక్కాడు. అతను మనుషులను చూసే రకం కాదు, సంచులను చూసే రకం. ఆ దారిలో సంచి ఉందంటే మనిషి ఉన్నట్టే. తలుపు దగ్గరే నిలబడి లోపలికి ఒకసారి చూశాడు. ముక్కల సంచి కిటికీ దగ్గర కనిపించింది. "చెంచమ్మక్క ఎక్కేసినాది. రైట్, రైట్!"

చెంచమ్మ టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఉండగానే బస్సు ఆమె ముందు నుంచి మలుపు తిరిగింది. ఆమె సంచి కిటికీ పక్కన కూర్చుని, ఆమెను చూసుకుంటూ వెళ్లిపోయింది.

"నా సంచిరా!" అని ఆమె నాలుగడుగులు పరిగెత్తింది. పట్టుచీర ఐదో అడుగు పడనివ్వలేదు.

"ఎందుకక్కా పరిగెత్తేది? నేనుండా గదా" అని పెంచలప్రసాద్ ఫోన్ తీశాడు. అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే రకం కాదు. అంగడికి వచ్చిన వాళ్లందరికీ వినపడేలా బల్ల మీద పెట్టి మాట్లాడతాడు. "ప్రేమానందం, మన చెంచమ్మక్క..."

"ఆ, కిటికీ కాడ కూర్చోనుండాది" అన్నాడు ప్రేమానందం.

"ఈడ నా ఎదురుగా టీ తాగతా ఉండాది రా!"

అవతల బస్సు చప్పుడులో ప్రేమానందం కిటికీ దాకా నడిచి చూశాడు. "అవునబ్బా. అక్క లేదు, సంచే ఉండాది. ఉండు, లోపల అన్నీ సరిగా ఉండాయో లేదో చూస్తా."

"అన్నీ ఉండాయి! తెరవబాక రేయ్, తెరవబాక!" అని చెంచమ్మ బల్ల మీదికి వంగి అరిచింది. బస్సు హారన్ మధ్యలో ఆ అరుపు అందలేదు. ప్రేమానందం సంచిలోవి ఒక్కొక్కటే తీసి, పేరు చదివి, మళ్లీ లోపల పెడుతున్నాడు. "కొత్త పాలగిన్నె... పసుపు, కుంకం... ఉప్పు పొట్లం... పెంచలకోన సామి పటం..."

బస్సులోంచి ఎవరో ఆడగొంతు పైకి లేచింది. "అయ్యో! చెంచమ్మక్క ఇల్లు మారతా ఉండాదా? మాకు ఒక్కమాట చెప్పలేదే!"

అంగడి ముందు నవ్వులు ఆగిపోయాయి. కొత్త గిన్నె, పసుపు, ఉప్పు, దేవుడి పటం. వీటిని పట్టుకుని మనిషి బస్సెక్కిందంటే ఎక్కడో కొత్త ఇంట్లో పాలు పొంగించబోతున్నట్టే. అది చదువు రాని వాళ్లకు కూడా తెలుసు. పెంచలప్రసాద్ స్టవ్ మంట తగ్గించాడు.

"ఇప్పుడే గదక్కా అన్నావు, చెప్పకుండా పోతానని. నేను తమాషా అనుకున్నా."

"తమాషానేరా."

"మరి గిన్నె?"

చెంచమ్మ నోరు తెరిచింది. అంగడి బెంచీ మీద నిరోష అత్తగారి తమ్ముడు రాజమోహన్ బీడీ ఆర్పేసి మరీ చెవులు ఇటు పెట్టి కూర్చున్నాడు. చెంచమ్మ నోరు మూసుకుంది. ఆమె అన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉండి, అడిగిన మాటకు జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. అందుకే అందరూ నమ్మేశారు.

తరవాతి బస్సులో ఆమె కూర్చుందో లేదో, ఫోన్ మోగడం మొదలైంది.

"అక్కా, నా పచ్చ జాకెట్టు కొక్కేలు కుట్టినావా? కుట్టకపోతే అట్నే ఇచ్చేయి, ఇంకెవరి కాడన్నా కుట్టించుకుంటా. పోయేటప్పుడు నీకెందుకు శ్రమ."

"నేనెక్కడికీ పోవడం లేదే! సాయంత్రం వస్తా."

"సాయంత్రం వచ్చి సామాను ఎత్తుకుంటావా? సరే అక్కా."

అది పెట్టేయగానే డిగ్రీ చదివే భవ్యశ్రీ. "ఆంటీ, మీరు పోతుండారంట గదా, మీ కిటికీ కాడ ఒక్క ఫోటో దిగతా. మళ్లా ఎవరొస్తారో ఏమో." ఆ తరవాత ఎదురింటామె. "వంకాయ గురించి అన్నందుకేనా చెంచమ్మా? నీ దురదలు చూడలేక అన్నానే తల్లీ. ఇంక నీ కూర జోలికి రాను, ఒట్టు."

చెంచమ్మ లేదంటే మొహమాటం అనుకున్నారు. గట్టిగా లేదంటే కోపం అనుకున్నారు. పక్క సీటు ఆవిడ సానుభూతిగా, "ఇంటి ఓనరు పొమ్మన్నాడామ్మా?" అని అడిగింది. అంతలో ఫోన్ మళ్లీ మోగింది. ఎవరో చూడకుండానే ఎత్తింది.

"అక్కా, వాళ్లు అనేది నిజమేనా?" అని ఒక మగగొంతు మెల్లగా అడిగింది.

"నిజమే! పోతుండా! ఈ రోజే పోతుండా! నాకు సుఖం, మీకు సుఖం. ఇంక ఎవరూ నాకు ఫోన్ చేయబాకండి!" అని అరిచింది. బస్సంతా తిరిగి చూసింది.

"మంచిదక్కా. నువ్వు యాడున్నా చల్లగా ఉండాల" అని ఫోన్ ఆగింది. అప్పుడు పేరు చూసుకుంది. సుభాన్. వెంటనే తిరిగి చేసింది. ఫోన్ కలవలేదు, అతను ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. పోనీలే, సాయంత్రం ఎదురుగా చెబితే సరిపోతుందని ఫోన్ కొంగున ముడేసుకుంది. ఆ ముడి వేయకుండా ఇంకొక్కసారి చేసి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. ఆ సంగతి ఆమె తరవాత చాలాసార్లు అనుకుంది.

ఆత్మకూరు బస్టాండులో ప్రేమానందం సంచిని పూలమ్మే ఆమె దగ్గర పెట్టి పోయాడు. పూలామె సంచి ఇస్తూ, "ఇల్లు మారే ఆమె నువ్వేనా? వెనక వీధిలో రెండు పోర్షన్లు ఖాళీ ఉండాయి, ఒకదాంట్లో నీళ్ల ఇబ్బంది" అంది. చెంచమ్మ సంచి చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది.

నిరోష ఇంటికి చేరేసరికి మామిడి తోరణాలు, పసుపు గడపలు, బంతి భోజనాలు. పాలు పొంగడం అయిపోయింది. అత్తగారు తెచ్చిన ఇత్తడి గిన్నె పొయ్యి మీద పక్కకు ఒలికిన మరకతో కూర్చుని ఉంది. నిరోష ఆమెను వంటింటి తలుపు వెనక్కి లాగి చేతులు పట్టుకుంది.

"నువ్వొస్తావని ఆపినా అక్కా. స్టవ్ రావడం లేదన్నా, అగ్గిపెట్టె కనపడలేదన్నా. ముహూర్తం దాటతా ఉండాదని మా అత్త ఊరుకోలే."

"పోనీలే. ఇల్లు చల్లగుంటే చాలు. గిన్నె యాడో ఒక మూల పెట్టుకో, సాంబారుకన్నా పనికొస్తాది" అంది చెంచమ్మ. గిన్నె సంచిలోంచి తీసేలోపు అత్తగారు రానే వచ్చింది.

"ఏం చెంచమ్మా, రాజమోహన్ ఫోన్ చేసినాడు. ఆత్మకూరు వచ్చేస్తుండావంట గదా! మంచి పని చేసినావు. ఒంటి మనిషివి, ఆ కొండ కింద ఏముండాది? చూడు పాపం, పాలగిన్నె కూడా తనే కొనుక్కునింది. నిరోషా, నువ్వన్నా కొనిచ్చి ఉండకూడదా, గురువు గదా!"

నిరోష చెంచమ్మను చూసింది. చెంచమ్మ నిరోషను చూసింది. ఇల్లు మారడం లేదంటే మరి గిన్నె ఎవరికని అడుగుతుంది. గిన్నె నిరోషకంటే కొత్తింట్లో మొదటి రోజే రచ్చ.

"ఆ... చూస్తుండా, వదినా" అంది చెంచమ్మ.

"చూసేదేంది? మేము ఖాళీ చేసిన పోర్షన్ అట్నే ఉండాది. తాళంచెవి ఓనరు నా చేతికే ఇచ్చినాడు, మంచి మనిషి ఉంటే పెట్టమని. నీ కన్నా మంచి మనిషి యాడుండాది?" అని అత్తగారు కొంగున ఉన్న తాళంచెవి విప్పి, టంగుమని సంచిలోని పాలగిన్నెలో వేసింది.

భోజనంలో చెంచమ్మకు పరవాన్నం ఒకటికి రెండుసార్లు వడ్డించారు. బయటికి వచ్చేటప్పుడు నిరోష చెవిలో, "తాళంచెవి ఉంచుకో అక్కా, మా అత్త ఊరికి పోయినాక నేనే వచ్చి తీసుకుంటా" అంది. అంతా సర్దుకుంటుందని చెంచమ్మకు కూడా అనిపించింది. సుభాన్‌తో ఒక్క మాట అంటే చాలు. ఇంటికి పోయి, కిటికీ తెరుచుకుని, ఊరిని పూర్తిగా తిట్టుకుని, జాకెట్టు చేతులు అతికించాలి. ఈసారి సంచి సీట్లో వేయలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఉదయగిరిలో బస్సు దిగగానే ఆమెకు ఏదో తేడాగా తోచింది. యాడికి పోయావు, ఏం తెచ్చావు, అక్కడ వంటలేంది అని ఎవరూ అడగలేదు. పెంచలప్రసాద్ టీ తెచ్చి చేతికిచ్చి, తల వంచుకుని పోయాడు. వీధిలో అడుగుపెట్టేసరికి ఎదురింటామె ఆమెను చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

సుభాన్ ఇంటి ముందు కుట్టుమిషను నిలబడి ఉంది. దుప్పటి చుట్టి, తాడుతో కట్టి, చక్రానికి ఎవరో ఒక మూర పూలు కూడా వేశారు. నలుగురు మనుషులు ఒక్క ఊపున దించేశారంట. మిషను తగిలి పెచ్చులూడిన చోట మెట్లకు వేసిన సున్నం తడి ఇంకా ఆరలేదు. మెట్ల పక్కన మూటలు, డబ్బాలు, బియ్యం బస్తా, చీపురుతో సహా అన్నీ వరసగా ఉన్నాయి. వీధిలో ఆడవాళ్లు ఆమె వంటింటిని ఆమెకన్నా శ్రద్ధగా సర్దారు. కుట్టని జాకెట్టు ముక్కలు ఎవరివి వాళ్లు తీసుకుపోయారు, పేచీ లేకుండా. ట్రాలీ ఆటో కూడా వచ్చి ఉంది.

"ఏంది సుభాన్ భాయ్ ఇది?" అంది చెంచమ్మ.

"నువ్వు ఈ రోజే పోతుండా అన్నావు గదక్కా. ఒక్కదానివి ఎట్టా సర్దుకుంటావని అందరం కలిసి..." సుభాన్ చేతిలోని గరిటెను అటూ ఇటూ తిప్పాడు. "ఇది నీకే. మధ్యాహ్నం నుంచి చెక్కతా ఉండా. పిడి మీద కొండ చెక్కినా. సరిగ్గా రాలేదు."

"అది కాదు సుభాన్ భాయ్. బస్సులో నేను..."

ఆమె మాట పూర్తి కాలేదు. పై నుంచి సాయిరా గబగబా దిగి వచ్చి చెంచమ్మ రెండు చేతులూ పట్టుకుంది. సుభాన్ కూతురు. వింజమూరులో అత్తగారింట ఉంటుంది. మూడో నెల బిడ్డను ఎత్తుకుని మధ్యాహ్నమే ఆటోలో వచ్చినట్టుంది, ఇంకా బుర్ఖా కూడా తీయలేదు.

"అత్తా, నీ రుణం ఎట్టా తీర్చుకునేది! బిడ్డకి దగ్గు. ఆడేమో ఒక గదిలో తొమ్మిది మందిమి. ఈడికి వద్దామంటే కింద అంతా చెక్కపొట్టు, పసిదానికి ఊపిరాడదు. పైన ఇల్లు ఉండాది గదా అని అమ్మని ఎన్నిసార్లు అడిగినానో. నాన్న ఒకటే మాట. 'ఆ మనిషి నా ఇంట్లో మొగుణ్ని పోగొట్టుకునింది. నా నోటితో పొమ్మనలేను' అన్నాడు. ఈ రోజు నువ్వే పోతా అన్నావని ఫోన్ చేసి ఏడ్చినాడత్తా. సంతోషమో బాధో ఆయనకే తెలీలేదు."

మునీరా కొంచెం దూరంగా నిలబడి ఉంది. ఎన్ని పొద్దుల్లో మెట్లెక్కి వచ్చి, "గుత్తొంకాయా అక్కా?" అని అడిగి, ఇంకేదో అడగబోయి దిగిపోయిందో చెంచమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. తాను మాత్రం కూర కోసమే వచ్చిందనుకుంది.

"ఒక్కసారి పైకి పోయొస్తా" అంది చెంచమ్మ.

గది ఖాళీగా, పెద్దదిగా కనిపించింది. మిషను ఉన్న చోట నాలుగు కాళ్ల గుర్తులు. కిటికీ తెరిచే ఉంది. ఆ కిటికీ కిందే చీర కట్టిన ఉయ్యాల, అందులో బిడ్డ, బిడ్డ కింద చెంచమ్మ కుట్టిన బొంత. మూటలో కట్టడం మరిచిపోయారో, ఇష్టపడి వదిలేశారో. బయట కోటగోడ మీద మబ్బు ఎప్పటిలాగే కూర్చుని ఉంది, ఇక్కడ ఏం జరుగుతోందో తనకు సంబంధం లేనట్టు. బిడ్డ దగ్గలేదు. నిద్రలో పిడికిలి విప్పి మళ్లీ మూసుకుంది.

ఒక్క మాట చాలు. నేను పోవడం లేదు, కోపంలో అన్నాను. అంటే సుభాన్ అప్పుడే మిషను భుజాన వేసుకుని మళ్లీ పైకి తెస్తాడు, అతను అలాంటివాడు. సాయిరా నవ్వుతూనే బిడ్డను ఎత్తుకుని వింజమూరు బస్సెక్కుతుంది. అన్నేళ్లుగా ఊరిని అన్ని మాటలన్న నోరు, ఈ ఒక్కటి అనలేకపోయింది.

చెంచమ్మ కిందికి దిగింది. అందరూ ఆమె ముఖం చూస్తున్నారు.

"నడిమెట్టు కాడ సున్నం సరిగా పడలేదు. ఇంకో చేయి వేయించు" అంది సుభాన్‌తో. "కిటికీ ఎడమ రెక్క వానకి ఉబ్బుతాది. గట్టిగా లాగబాకండి. మెల్లగా ఎత్తి తోయాల." ఆ మాట సాయిరాతో అంది.

ఆటో కదిలేటప్పుడు పెంచలప్రసాద్ బస్టాండు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, ఆటో కమ్మీ పట్టుకున్నాడు. "నీకు మొదటి నుంచీ ఈ ఊరు ఇష్టం లేదక్కా. ఇప్పటికన్నా సుఖంగా ఉండు. ఆత్మకూరులో ఎవరూ నీ జోలికి రారు."

"అవును" అంది చెంచమ్మ. "రారు."

చీకటి పడకముందే ఆత్మకూరులో నిరోష వచ్చి, చెంచమ్మ దగ్గరున్న తాళంచెవితో ఆ పోర్షన్ తలుపు తీసింది. అత్తగారు లేకుండా చూసి, పాల పాకెట్ తెచ్చింది. చెంచమ్మ సంచిలోని కొత్త గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టారు. పిడి మీద వంకర కొండ ఉన్న గరిటెతో చెంచమ్మ ఒకసారి కలిపింది. పాలు పొంగాయి. తూర్పు వైపు పొంగితే మంచిదంటారు. ఇవి పడమటికి పొంగాయి, అంటే ఉదయగిరి వైపుకు.

"నీ చేతి గిన్నెలో పాలు పొంగాలని నేనే గదక్కా అడిగినాను" అని నిరోష కళ్లు తుడుచుకుంది.

"పొంగినాయి గదే. ఇల్లు ఒక్కటే తప్పు" అంది చెంచమ్మ.

ఆ తరవాత చెంచమ్మ నెలకోసారి ఉదయగిరి పోతోంది. సాయిరా బిడ్డకు దగ్గు తగ్గింది, కిటికీ పట్టుకుని నిలబడుతోంది. ఎదురింటామె ఒట్టు పెట్టుకుంది కదా, ఆరోగ్యం అడుగుతుందిగాని కూర ఊసెత్తదు. పెంచలప్రసాద్ ఇప్పుడు అడిగేది ఒకటే. "మళ్లా బస్సు ఎన్నింటికక్కా?" చుట్టాలను అడిగే మాట అది. ఆ ఊరిని తిట్టడానికి ఆమెకు ఇప్పుడు నోరు రాదు. తిట్టాలంటే ఆ ఊళ్లో ఉండాలి కదా.

ఆత్మకూరులో జాకెట్లకు గిరాకీ బాగానే ఉంది. ఇల్లు బాగుంది, నీళ్లు బాగున్నాయి. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చెంచమ్మ అప్పుడప్పుడు తలుపు బార్లా తీసి, గడపలోనే కూర్చుని, దారిన పోయేవాళ్లకు కనిపించేలా వంకాయలు తరుగుతుంది. దురదలు వస్తాయని తెలిసి కూడా వారానికి రెండుసార్లు వండుతుంది. మొన్న ఒకసారి పక్క పోర్షన్ ఆమెతో తనే నోరు తెరిచి, "ఈ రోజు గుత్తొంకాయ చేసినానమ్మా" అని చెప్పింది. ఆమె "ఓహో" అని, మర్యాదగా నవ్వి, తలుపు వేసుకుంది.

ఆత్మకూరులో చెంచమ్మ ఏ కూర వండిందో ఈ రోజు దాకా ఎవరూ అడగలేదు.